శుక్రవారం పాఠం

సృష్టి మొదలైన 6503వ సంవత్సరం, ఎనిమిదో ఇండిక్షన్, మే నెల 27. ఆ తేదీతో కాన్‌స్టంటైన్ అనే ప్రెస్బితరు, అంటే గుడి గురువు, ఒక పెద్ద గ్రీకు పుస్తకం రాసి ముగించాడు. బైజాంటియం వాళ్ల లెక్కలో సృష్టి జరిగింది క్రీస్తుకు పూర్వం 5509 సెప్టెంబరులో కాబట్టి ఆ ఏడాది మే నెల మనకు 995లో పడుతుంది. ఇండిక్షన్ అంటే పన్నుల కోసం రోమన్లు పెట్టుకున్న పదిహేనేళ్ల చక్రం. ఆ వసంతంలోనే రెండో బాసిల్ చక్రవర్తి అలెప్పో ఫాతిమీల చేతిలో పడకుండా చూడాలని సైన్యాన్ని వెంటబెట్టుకుని అనటోలియా మీదుగా పరుగులు తీశాడు. చరిత్ర పుస్తకాలకెక్కింది ఆయన ప్రయాణం. కాన్‌స్టంటైన్ విషయానికొస్తే మనకు మిగిలింది ఒక పేరు, ఒక హోదా, ఒక తేదీ, 370కి పైగా తోలు ఆకుల నిండా ఆయన చేతిరాత.

ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ 5598 అన్న నంబరుతో ఉంది. కొత్త నిబంధన పండితులు దాన్ని లెక్షనరీ 150 అంటారు. గుడిలో ఏ రోజు ఏ భాగం చదవాలో ఆ వరుసలో సువార్తలను కోసి, తిరిగి పేర్చిన పుస్తకం లెక్షనరీ. అందులో మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురూ ఉన్నారు గానీ ఎవరింట్లో వాళ్లు లేరు. మత్తయి అయిదో అధ్యాయం కోసం వెతికితే అధ్యాయమనేదే ఉండదు. పెంతెకొస్తు తర్వాత ఫలానా వారం, ఫలానా రోజు అని ఉంటుంది. ఒక కథ మొదలు ఒకచోట, ముగింపు మరోచోట. కొన్ని వచనాలు రెండు మూడు సార్లు వస్తాయి, కొన్ని ఎక్కడా కనబడవు. ఇలాంటి గ్రీకు లెక్షనరీలు ఇప్పటికీ రెండువేలకు పైగా మిగిలి ఉన్నాయి.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పుట్టింది ఒంగోలు దగ్గర ఒక బాప్టిస్టు పాస్టరు గారింట్లో, మెట్టింది చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) కుటుంబంలో. మా గుడిలో ఆదివారం ఆరాధనకు పాఠాలు చదివేవాళ్లలో నేనొకదాన్ని. నాన్నగారి పెట్టెలో దొరికిన పాత గ్రీకు వాచకం ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కోవడం ఉద్యోగం అయిపోయాక నేర్చుకున్నాను. వ్యాకరణం పెద్దగా అబ్బలేదు. అయినా ఈ పుస్తకం పుటల ఫొటోలు కంప్యూటర్లో చూసినప్పుడు అక్షరాలను గుర్తుపట్టగలిగాను. ఆ పుణ్యం కాన్‌స్టంటైన్‌దే, ఆయన పెద్దక్షరాల్లో రాశాడు. పదో శతాబ్దం చివరికి గ్రీకు లేఖకులు మామూలు పుస్తకాలను గొలుసుకట్టు చిన్నక్షరాల్లో రాయడానికి అలవాటుపడి వందేళ్లు దాటింది. గుడిలో చదివే పుస్తకాలకు మాత్రం పాత పెద్దక్షరాలను ఇంకా వదల్లేదు. దీపాల వెలుగులో నిలబడి, నలుగురి ముందు తడబడకుండా చదవాల్సిన మనిషి కోసం ఆ అక్షరాలు.

ఈ పుస్తకాల సంవత్సరం ఈస్టరుతో మొదలవుతుంది. ఆ రోజు ఆరాధనలో ఖాళీ సమాధి కథ చదువుతారనుకుంటాం. చదివేది యోహాను సువార్త మొట్టమొదటి పదిహేడు వచనాలు. అక్కడి నుంచి పెంతెకొస్తు దాకా ఏడు వారాలు యోహానుదే రాజ్యం. పెంతెకొస్తు మర్నాడు, సోమవారం, మత్తయి అందుకుంటాడు. సెప్టెంబరు 14న సిలువ పండుగ దాటాక లూకా వస్తాడు. మార్కుకు పెద్దపీట లేదు. మత్తయి, లూకాల చివరి వారాల్లో పనిదినాలు, శ్రమల కాలంలో శని ఆదివారాలు ఆయన వాటా. శ్రమల వారంలో గురువారం రాత్రి పన్నెండు పాఠాలుగా నలుగురి కథనాలూ కలిసి నడుస్తాయి. ఇదంతా ఏటా తేదీ మారే పండుగల వరుస. తేదీ మారని పండుగలూ పరిశుద్ధుల దినాలూ రెండో భాగంలో, సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉంటాయి. బైజాంటియం వాళ్ల సంవత్సరాది సెప్టెంబరు 1.

ఈ వరుసకు ఎంత బలముందో స్లావుల చరిత్రలో తెలుస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు స్లావుల మాటకు లిపి కూర్చారు. ఆ లిపిలో మొట్టమొదట రాసింది యోహాను సువార్త ఆరంభమని సిరిల్ జీవితచరిత్ర చెబుతుంది. బైబిలు ఆదికాండంతో మొదలవుతుంది, కొత్త నిబంధన మత్తయి వంశావళితో మొదలవుతుంది. వాళ్లు ఆ రెండూ వదిలి ఈస్టరు నాటి పాఠాన్ని ఎత్తుకున్నారు. 1056–57లో నొవ్‌గొరొద్ అధికారి ఒస్త్రొమీర్ కోసం గ్రిగోరి అనే డీకను ఒక పుస్తకం రాశాడు. తేదీ వేసి ఉన్న తూర్పు స్లావు పుస్తకాల్లో అదే మొదటిది. అదీ లెక్షనరీయే. ఒక జాతి మొత్తం అక్షరాభ్యాసం పండుగ పాఠాలతో జరిగిందన్నమాట.

ముక్కను కోసి ఊరికే పెడితే గాలిలో వేలాడుతుంది. ఆయన అక్కడి నుంచి బయల్దేరాడు అని మొదలుపెడితే ఆయనెవరో, అక్కడంటే ఎక్కడో వినేవాళ్లకు తెలియదు. అందుకని లెక్షనరీలు కొన్ని ఎత్తుగడలు స్థిరం చేసుకున్నాయి. కథ అయితే 'ఆ కాలమందు' అని ఎత్తుకుంటారు. బోధ అయితే ప్రభువు తన శిష్యులతో చెప్పాడని, ఉపమానమైతే ప్రభువు ఈ ఉపమానం చెప్పాడని మొదలు. సర్వనామం ఉన్నచోట యేసు అన్న పేరు వచ్చి చేరుతుంది. సువార్తికులు శ్రద్ధగా అల్లిన సంబంధాలు, దాని తర్వాత ఇది, దీని మూలంగా అది, తెగిపోతాయి.

మూలంలో ఏముందో తేల్చాలనుకునే పండితులకు ఇది చాలాకాలం చిరాకు తెప్పించింది. గుడి అవసరానికి దిద్దిన ప్రతి సాక్ష్యానికి పనికిరాదనుకున్నారు. 1930లలో షికాగోలో ఎర్నెస్ట్ కోల్‌వెల్, డొనాల్డ్ రిడిల్ లెక్షనరీల పాఠాన్ని విడిగా పట్టుకుని పరిశీలించేదాకా వాటి మీద గట్టి పని తక్కువే. పండితులకు లోపమైన ఆ మార్పు, పాఠం చదివే మనిషిగా నాకు మర్యాదలా కనిపిస్తుంది. వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మకూ, ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ కుర్రాడికీ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మొదటి మాటలోనే చెప్పడం అది.

నన్ను ఎక్కువసేపు ఆపింది అక్షరాల పైనా కిందా ఎర్రసిరాతో పెట్టిన చిన్న గుర్తులు. వాటిని ఎక్‌ఫొనెటిక్ గుర్తులంటారు. ఓక్సియా, బారియా, క్రెమస్తే, తెలియా అని ఒక్కోదానికి ఒక్కో పేరు. చాలావరకు పదబంధం మొదట ఒకటి, చివర ఒకటి జంటగా వస్తాయి. ఆ బంధాన్ని ఎలా ఎత్తుకోవాలో, ఎక్కడ నిలపాలో, ఎలా దించాలో చదివేవాడికి గుర్తుచేస్తాయి. పాటా కాదు, ఉత్త మాటా కాదు, రెంటికీ మధ్య సాగే చదువు అది. తొమ్మిదో శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లు వాడుకలో ఉండి, బైజాంటియంతో పాటే మరుగున పడింది. సీనాయి మఠంలోని ఒక ప్రతిలో ఈ గుర్తుల పేర్ల పట్టిక ఉంది. డెన్మార్కు పండితుడు కార్‌స్టెన్ హోగ్ 1935లో వాటి మీద ఒక గ్రంథమే వేశాడు. అయినా కాన్‌స్టంటైన్ పెట్టిన గుర్తులు చూసి, ఆనాటి స్వరం ఖచ్చితంగా ఇదీ అని వినిపించగలవాళ్లు ఎవరూ లేరు. ఈనాటి గ్రీకు డీకన్లు సువార్తను రాగంతోనే చదువుతారు. అది పెద్దల నోట విని పట్టుకున్న రాగం. వేదం చెప్పుకున్నవాళ్ల దగ్గర గొంతు తెగకుండా వచ్చింది, తెలుగు లిపిలో అచ్చయిన యజుర్వేదంలో స్వరాల గీతలు ఆ గొంతుకు తోడు. ఇక్కడ తోడు మిగిలింది, గొంతు పోయింది.

పుస్తకం లండన్ చేరిన దారి కూడా ఆ గొంతు పోయిన దారే. 1670లలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఇంగ్లీషు వర్తకుల లెవాంట్ కంపెనీకి చాప్లెయిన్‌గా ఉన్న జాన్ కోవెల్ దాన్ని సంపాదించి ఇంగ్లండుకు తీసుకొచ్చాడు. తర్వాత ఆయన కేంబ్రిడ్జిలో క్రైస్ట్స్ కాలేజికి మాస్టరయ్యాడు. ఆయన దగ్గరున్న ప్రతులు హార్లీ కుటుంబం చేతికి వెళ్లాయి. 1753లో పార్లమెంటు హార్లీ వారి రాతప్రతులన్నిటినీ 10,000 పౌన్లకు కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. ఆ తోలు ఆకులు ఇప్పుడు ఏ డీకను చేతిలోనూ లేనంత భద్రంగా ఉన్నాయి. ఈస్టరు వచ్చిపోతుంది, ఈస్టరు పాఠం ఆ పుటలోంచి ఎవరూ చదవరు. కాన్‌స్టంటైన్ రాసింది చూడడానికి కాదు గదా.

దీంతో పాత ప్రశ్న ఒకటి నాకు కొత్తగా ఎదురైంది. కోసిన ముక్కల్లో ఉన్నది లేఖనమేనా? లేక లేఖనమంటే మొదటి నుంచి చివరి దాకా చెక్కుచెదరని గ్రంథం ఒక్కటేనా? మా ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు చాలాకాలం ఒకటే ఉండేది. నాన్నగారు ఏటా జనవరి 1న ఆదికాండంతో మొదలుపెట్టి డిసెంబరు చివరికి ప్రకటన గ్రంథం ముగించేవారు. లేవీయకాండంలో కుష్ఠుమచ్చల అధ్యాయాలు కూడా కుటుంబ ప్రార్థనలో అందరం వినాల్సిందే. నచ్చినచోట తెరిచి నచ్చింది చదివేవాణ్ని ఆయన నమ్మేవారు కాదు.

తమ్ముడు ఆయన బాటలోనే పాస్టరయ్యాడు. ఈ గ్రీకు పుస్తకం సంగతి చెబితే మొహం చిట్లించాడు.

"అక్కా, దేవుడు పుస్తకం మొత్తం ఇచ్చాడు. వీళ్లు కత్తెర పట్టుకు కూర్చున్నారు. ఏది చదవాలో చెప్పేవాడి చేతిలోనే ఏది చదవకూడదో కూడా ఉంటుంది. అధికారమంతా అక్కడే ఉంది" అన్నాడు.

వాడన్నదాంట్లో నిజం ఉంది. అందుకు సాక్ష్యం నేనే చూపిస్తాను. పెంతెకొస్తు ఆదివారం పాఠం యోహాను ఏడో అధ్యాయం 37వ వచనంలో మొదలై 52 దాకా వెళ్లి, అక్కడి నుంచి ఎనిమిదో అధ్యాయం 12వ వచనానికి దూకుతుంది. మధ్యలో పన్నెండు వచనాలు లేవు. వ్యభిచారంలో పట్టుబడిందని ఒక ఆడమనిషిని లాక్కొచ్చి నిలబెట్టడం, యేసు వంగి నేల మీద రాయడం, రాళ్లు పట్టుకొచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకోవడం ఆ వచనాల్లో ఉంది. పురాతనమైన గ్రీకు ప్రతుల్లో చాలావాటిలో అసలా కథే లేదు కాబట్టి అలా దూకడానికి గ్రంథచరిత్రలో కారణం ఉండవచ్చు. లెక్షనరీలు మాత్రం ఆ కథను పారేయలేదు. అక్టోబరు 8న పెలాగియా దినానికి, పశ్చాత్తాపపడ్డ మరికొందరు పరిశుద్ధురాళ్ల దినాలకు ఇచ్చాయి. పెలాగియా అంతియొకయలో నటిగా బతికి, తర్వాత మారుమనస్సు పొందిందని ఐతిహ్యం.

సరే, కథ బతికింది. కానీ ఏ రోజుకు పడిందో చూడండి. ఆ కథలో మందలింపు తిన్నది రాళ్లు పట్టుకున్న మగవాళ్లు. గుడి కిటకిటలాడే పెంతెకొస్తు నాడు వాళ్లు వినాల్సిన పాఠం అది. దాన్ని ఆడవాళ్ల పశ్చాత్తాపపు దినాల్లో పెట్టేసరికి కథ బరువంతా ఆమె పాపం మీదికి జరిగింది. ఒక్క అక్షరం మార్చకుండా, చదివే రోజు మార్చి, కథను వంచవచ్చు. తమ్ముడు భయపడే అధికారం ఇదే. కత్తెర అమాయకమైనదని నేను అనను.

అయితే కత్తెర లేని చదువు ఎక్కడుందో నాకు కనబడలేదు. నాన్నగారి సంవత్సర పఠనం కూడా రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున కోసిందే. అర్థాన్ని బట్టి కాక పుటల లెక్కను బట్టి కోశారు, అంతే. యోబు తన పుట్టినరోజును శపించే చోట ఒక రాత్రి ఆగితే, దేవుడు అతనితో మాట్లాడే చోటికి చేరడానికి రోజులు పట్టేది. ఆ మధ్య రోజుల్లో మేం విన్న బైబిల్లో దేవుడు ఇంకా నోరు విప్పలేదు.

మా నాయనమ్మ సంగతి వేరు. ఆమెకు అక్షరం రాదు. ఒంగోలు పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పనికి వెళ్లేది. ఆమె దగ్గరున్న బైబిలంతా చెవిన పడ్డదే. ఆదివారాల్లో, పెళ్లిళ్లలో, సమాధుల దొడ్డిలో విన్న భాగాలు ఆమె నోటికి వచ్చేవి. ఏది ఏ పుస్తకంలోదో చెప్పలేదు, కానీ ఏది ఎవరి చావునాడు విన్నదో చెప్పగలదు. మన్ను తిరిగి మట్టికి చేరుతుందన్న మాట ఆమెకు ప్రసంగి గ్రంథం కాదు, పెదనాన్న చావు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో విశ్వాసం వినడం నుంచి పుడుతుందంటాడు. ఆ లెక్కన నాయనమ్మది కొరతబడిన విశ్వాసమని అనడానికి నాన్నగారికీ నోరు రాలేదు. కాన్‌స్టంటైన్ రాసింది ఇలాంటి మనుషుల కోసమే. గుడి నిండా ఉన్నవాళ్లలో పుస్తకం పట్టుకుని చదవగలిగినవాళ్లు కొద్దిమందే, సొంతంగా పుస్తకం కొనుక్కోగలిగినవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లకు లేఖనమంటే ఫలానా రోజున ఫలానా గొంతులో వచ్చిన మాట.

"మరి మీ గుడిలో డిసెంబరు 31 రాత్రి ఏం చేస్తారురా?" అని తమ్ముణ్ని అడిగాను. నవ్వి తల వంచుకున్నాడు.

వాచ్‌నైట్ ఆరాధనకు వెళ్లినవాళ్లందరికీ ఇది తెలిసిందే. అర్ధరాత్రి దాటాక పళ్లెంలో వాగ్దానపు కార్డులు వస్తాయి. ఒక్కొక్కరూ ప్రార్థన చేసుకుని ఒకటి తీస్తారు. ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట అదేనని ఫ్రేము కట్టించుకుంటారు, ఆటో అద్దానికి అంటించుకుంటారు. ఆ నమ్మకాన్ని వెక్కిరించను, నా పాత కార్డులు నా బైబిల్లోనే ఉన్నాయి. కానీ ఆ పళ్లెంలో యిర్మీయా గద్దింపులు ఎప్పుడైనా చూశామా? లూకా సువార్తలో యేసు ధనవంతులకు చెప్పిన శ్రమల మాట ఎవరి చేతికైనా వచ్చిందా? కత్తెర అక్కడా ఉంది. కోసినవాడెవడో తెలియదు, కోసి పక్కన పెట్టినదానికి ఏడాది పొడుగునా ఒక రోజంటూ లేదు. అందరికీ ఆశీర్వాదమే వస్తుంది కాబట్టి ఎవరికీ ఏదో తగ్గిందన్న అనుమానం రాదు.

లెక్షనరీ ఈ పరీక్షకు నిలుస్తుందా అని నేను సెప్టెంబరు 1 పాఠంతో చూశాను. సంవత్సరాది నాడు చదివేది లూకా నాలుగో అధ్యాయం 16 నుంచి 22. యేసు తాను పెరిగిన నజరేతులో విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లి, చదవడానికి లేచి నిలబడతాడు. యెషయా గ్రంథపు చుట్ట చేతికిస్తారు. విప్పుతాడు, చోటు చూసుకుని చదువుతాడు, చుట్టి పరిచారకుడికి తిరిగి ఇచ్చి కూర్చుంటాడు. అందరి కళ్లూ ఆయన మీదే ఉంటాయి. సువార్తల్లో యేసు పుస్తకం పట్టుకుని చదువుతూ కనిపించేది ఇక్కడొక్కచోటే. కొత్త సంవత్సరం మొదటి రోజున ఒక పాఠకుడి కథను ఎన్నుకున్నవాళ్లెవరో గానీ నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది.

ఆయన ఎంత చదివాడన్నది ఇంకా పెద్ద విశేషం. యెషయా 61వ అధ్యాయంలో మొదటి వచనం, రెండో వచనంలో సగం. మధ్యలో 58వ అధ్యాయంలోని ఒక పాదం వచ్చి కలిసింది. బీదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల, గుడ్డివాళ్లకు చూపు, దేవుడు కటాక్షించే సంవత్సరం, అక్కడితో ఆపాడు. యెషయాలో ఆ వాక్యం ఇంకా అయిపోలేదు. అది దేవుడు ప్రతిదండన చేసే దినం వైపు సాగుతుంది. ఆ సగం నజరేతులో వినబడలేదు. కోసి, కలిపి, వాక్యం మధ్యలో ఆపి, ఈ లేఖనం ఇవాళ మీరు వింటుండగా నెరవేరిందన్నాడు. సగం వాక్యాన్ని లేఖనమన్నాడు. అది నెరవేరిన చోటు చుట్ట కాదు, ఆ ఊరివాళ్ల చెవులు. ముక్క లేఖనమవుతుందా అన్న నా ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నేను వెతుక్కోలేను.

కానీ పాఠం 22వ వచనంలో ఆగుతుంది. అక్కడ జనం ఆయన నోట వచ్చిన దయగల మాటలకు ఆశ్చర్యపోతున్నారు. దాని తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు. ఏలీయాను దేవుడు ఇశ్రాయేలు విధవరాళ్లను కాదని సారెపతులో పరాయి విధవరాలి ఇంటికి పంపాడని, ఎలీషా బాగుచేసిన కుష్ఠరోగి సిరియా వాడైన నయమాను ఒక్కడేనని గుర్తుచేస్తాడు. దయ మన ఊరి సొత్తు కాదన్న ఆ మాటకు గుడి మొత్తం మండిపోతుంది. ఆయన్ని కొండకొమ్ముకు తీసుకెళ్లి తలకిందులుగా తోసేయబోతారు. సంవత్సరాది నాడు ఇదంతా లేదు. ఆశీర్వాదం విని, ఆశ్చర్యపోయి, ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇక్కడిదాకా చూస్తే మన వాగ్దానపు పళ్లేనికీ దీనికీ తేడా లేదు.

తేడా లూకా వరుస మొదటి వారంలో ఉంది. ఆ వారం గురువారం పాఠం మళ్లీ ఇదే, 16 నుంచి 22. శుక్రవారం పాఠం 22 నుంచి 30. ఆపిన చోటే ఎత్తుకుని, విధవరాలు, నయమాను, కోపం, కొండకొమ్ము అన్నీ చదువుతారు. పండుగ రోజున కోసి పక్కన పెట్టినదానికి పనిదినాల్లో ఒక చోటు రాసిపెట్టారు. తేదీతో సహా, అందరికీ తెలిసేలా.

శుక్రవారం గుడికి ఎవరొస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. అసలు ఆ శుక్రవారం చాలా పుస్తకాల్లోనే ఉండదు. గ్రీకు లెక్షనరీలు రెండు రకాలు. ఒక రకంలో ఏడాది పొడుగునా వారంలో ప్రతిరోజుకూ పాఠం ఉంటుంది. రెండో రకంలో ఈస్టరు నుంచి పెంతెకొస్తు వరకే రోజువారీ పాఠాలు, ఆ తర్వాత శని ఆదివారాలకు మాత్రమే. తోలు ఖరీదు తెలిస్తే ఈ రెండో రకం ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. కాన్‌స్టంటైన్ పుస్తకమంత పెద్ద ఆకులకు, రెండేసి ఆకులకు ఒక పశువు తోలు చొప్పున వేసుకున్నా 180కి పైగా పశువులు కావాలి. పనిదినాల పాఠాలు కూడా రాయించాలంటే ఖర్చు, శ్రమ ఇంకా పెరుగుతాయి. నాలుగు సువార్తల పూర్తి ప్రతి ఉన్నచోట అంచుల్లో గుర్తులు చూసుకుని చదివి ఉంటారు. శని ఆదివారాల పుస్తకం తప్ప మరేదీ లేని గుళ్లలో మాత్రం నజరేతువాళ్ల కోపం వినబడే రోజు లేదు.

అందుకే నేను లెక్షనరీని ఆకాశానికెత్తను. దానిలో నేను పట్టుకున్నది ఒక నియమం. కోయక తప్పదు. మనిషి చెవి ఒక పూట పట్టుకోగలిగింది కొంచెమే. కానీ కోసినవాళ్లు కోశామని ఒప్పుకోవాలి. మిగిలినదానికి ఒక రోజు పెట్టాలి. ఆ రోజున ఇద్దరే వచ్చినా చదవాలి. ఈ మూడూ ఉన్నచోట ముక్క గ్రంథానికి ద్రోహం చేయదు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా అబద్ధం లోపలికి వస్తుంది, చదివిన ప్రతి మాటా నిజమే అయినా సరే.

తమ్ముడి మాటకు కూడా ఇందులోనే జవాబుంది. పూర్తి గ్రంథం ఒక్క మనిషి చేతిలో ఉంటే కత్తెర పోతుందని వాడనుకుంటాడు. ఒంటరిగా చదివేవాడి కత్తెర మరీ పదునుగా ఉంటుంది, ఎందుకంటే అడిగేవాళ్లుండరు. నాకు గుచ్చుకునే పుటలను నేనెంత నేర్పుగా తిప్పేస్తానో నాకు తెలుసు. సినడ్ వేసిన పాఠాల పట్టికలో ఆదివారం నా పేరు ఎదురుగా ఏది ఉంటే అది చదవాలి. నచ్చకపోయినా గొంతు తగ్గించడానికి వీల్లేదు. ఆ పట్టిక నాకు చేసే ఉపకారం అదే.

మా గుడిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది. వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆదివారం పాఠం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మిగతాది శుక్రవారం చదువుకుందామని అయ్యగారిని అడిగాను. ఆయన సరేనన్నారు. కమిటీలో ఒక పెద్దమనిషి మాత్రం "జనం ఆదరణ కోసం వస్తారమ్మా, ఉపవాసం నాడు కూడా కోపాలూ తాపాలూ ఎందుకు?" అన్నారు. అయినా మొదలుపెట్టాం. నజరేతు కథ రెండో సగం చదివిన శుక్రవారం ప్రార్థనకు ముందు మాటలు చాలాసేపు సాగాయి. సొంతూరివాళ్లే తోసేయబోయారా అని ఒకామె అడిగింది. పక్క కాలనీవాళ్లకు మన గుడి సమాధుల దొడ్డిలో చోటివ్వనన్నది మనమే కదా అని ఇంకొకామె అంది. ఆదివారం పాఠం విన్నప్పుడు ఆ మాట ఎవరికీ తట్టలేదు.

మొన్న తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఈసారి వాగ్దానపు కార్డుల్లో యెషయా 61వ అధ్యాయం రెండో వచనం రెండో సగం కూడా ఒకదాని మీద కొట్టించమన్నాను.

"అది తీసినవాళ్లు నా మీదికి యుద్ధానికొస్తారక్కా" అన్నాడు.

"రానీ. మొదటి సగం ఎవరికొచ్చిందో చూసి వాళ్ల పక్కన కూర్చోబెట్టు. వాక్యం మొత్తం ఏ ఒక్కరి చేతిలోనూ లేదని ఇద్దరికీ తెలుస్తుంది" అన్నాను.

ఆలోచిస్తానన్నాడు. వాడు కొట్టిస్తాడని నాకు నమ్మకం లేదు, అడగడం మానేది కూడా లేదు.